ఎవరి వంతు సూది

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారు టీవీ కెమెరా ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి, చిరునవ్వు చెదరకుండా టీకా వేయించుకున్నారు. సూది వేసింది స్వయానా ఆయన వదినగారు, ఆ ఆసుపత్రి హెడ్ నర్సు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల వేడి చల్లారకముందే, పనీపాటా లేని ఒక మహానుభావుడు ఆ వీడియోని నెమ్మదిగా తిప్పి చూశాడు. సిరంజి వెనక పుల్ల ముందే అడుగుదాకా నొక్కి ఉంది. లోపల చుక్క మందు లేదు. "ఖాళీ సూది" అన్న మాట ఊళ్లో ఫోన్లన్నిటిలోకీ పాకిపోయింది. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

ఆ తెల్లవారే హెడ్ నర్సుకి మొదటి దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆసుపత్రిలో అందరూ ఆమెని సిస్టరమ్మ అంటారు. ఇంట్లో మాత్రం ఆమె ఇప్పటికీ అత్తగారికి కోడలే.

"తయారవండి అత్తయ్యా. ఈరోజు మీ వయసు వాళ్ల వంతు. నాతోపాటే ఆటోలో తీసుకెళ్తాను."

"నాకొద్దు," అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా.

"నిన్నమొన్నటిదాకా నా వంతు ఎప్పుడే, నా వంతు ఎప్పుడే అని ప్రాణం తీశారు కదా!"

"అప్పుడు లోపల మందుందనుకున్నాను. ఏం, మీ మరిదికి గాలీ, మాకు మందూనా? అంత చదివిన డాక్టరు ఒంటికి పనికిరానిది నా ఒంటికి పనికొస్తుందా? చచ్చినా వేయించుకోను."

సిస్టరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఎప్పుడూ తల్లి వైపే. ఈసారి మరీను. పేపరు దించకుండానే, "అమ్మ అడిగిందాంట్లో తప్పేముంది? అసలు నువ్వెందుకలా చేశావో ఇంతవరకు మాకే చెప్పలేదు," అన్నాడు.

చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? సూది వేసే ముందురోజు మరిదిగారు తన గదిలోకి పిలిచి తలుపు వేసి, "వదినా, నా ఒంటికి ఈ మందు పడదని పరీక్షలో తేలింది. తగ్గడానికి ఏదో వాడుతున్నాను. తగ్గగానే అసలుది వేయించుకుంటాను. కానీ ఈలోపల నేను వేయించుకోలేదని తెలిస్తే జనం బెదిరిపోతారు. వాళ్ల కోసమే అడుగుతున్నాను," అన్నాడు. ఇన్నేళ్ల నర్సు, ఇంతమంది రోగుల అబద్ధాలు మొహం చూసి పట్టేసే మనిషి, ఆ ఒక్క మొహాన్ని మాత్రం నమ్మింది. చెల్లెలి మొగుడు కదా మరి. జనం కోసం అన్నాడు కదా.

ఆమె మాస్కు కట్టుకుని బయటపడింది.

దారి పొడవునా అదే ఊరు. ముక్కు బయటపెట్టి నోటికి మాత్రం మాస్కు కట్టుకున్నవాళ్లు, గడ్డానికి కట్టుకున్నవాళ్లు, ఒక చెవికి వేలాడేసుకుని అవతలివాడి మొహం మీదే తుమ్మేవాళ్లు. ఫోన్లో ఎవడో పంపిన పొడిని, ఎవడు నూరాడో ఎందులో నూరాడో అడక్కుండా, పొద్దున్నే గ్లాసుడు తాగే జనం. వాళ్లకిప్పుడు ఆసుపత్రి సూది మీద అనుమానం పుట్టుకొచ్చింది. ఆటోవాడు అద్దంలోంచి ఆమె తెల్లబట్టలు చూసి, "ఇవాళ ఎంతమందికి గాలి కొట్టబోతున్నారమ్మా? మా టైర్లక్కూడా కొడతారా?" అన్నాడు. వాడు తన హాస్యానికి తనే మురిసిపోతూ రోడ్డంతా నవ్వాడు.

టీకా హాల్లో కుర్చీలు వరుసగా ఉన్నాయి. మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీ ఉండాలని మూడు నెలల కింద రంగు టేపులు అంటించారు. ఈవేళ ఆ టేపులు వెక్కిరిస్తున్నట్టున్నాయి. అన్ని కుర్చీలూ ఖాళీయే. మంచుపెట్టెలో బుడ్డీలు చల్లగా, భద్రంగా, ఎవరికీ అక్కర్లేకుండా పడున్నాయి. ఒక బుడ్డి మూత తీశారంటే సాయంత్రంలోగా అందులోది వాడాలి, లేదంటే పారబోయాలి. నిన్న సగం పైగా పారబోశారు.

"ఎవరూ రాలేదా?" అంది సిస్టరమ్మ.

"ఒకాయన వచ్చాడు సిస్టర్," అంది చిన్న నర్సు. "వేయించుకోడానికి కాదు, వీడియో తీసుకోడానికి. ఖాళీ కుర్చీలన్నీ తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లాడు."

ఇంతలో పై వార్డు నుంచి కబురొచ్చింది. సైరన్ బాబాయిని చేర్చారట.

సైరన్ బాబాయి అంటే అంబులెన్స్ డ్రైవరు. ఒకసారి బండి సైరన్ పాడైతే, కిటికీలోంచి తల బయటపెట్టి నోటితోనే కూత పెట్టుకుంటూ రోగిని ఆసుపత్రికి చేర్చాడు. ఆ పేరు అప్పట్నుంచి. ఈ జబ్బు వచ్చిన దగ్గర్నుంచి అతను మోసినంతమంది రోగుల్ని ఆ ఊళ్లో ఎవరూ మోయలేదు. ఈ పొద్దున తన బండిలోనే వెనక పడుకుని వచ్చాడు.

ఆక్సిజన్ మాస్కు కిందనుంచి కూడా అతను నవ్వాడు. "ఎప్పుడూ ముందు సీటే కదా సిస్టరమ్మా... వెనక సీటు ఇదే మొదలు. ఆ తోలినవాడికి ఇంకెప్పుడూ నా బండి ఇవ్వకండి... రోడ్డు మీద ఒక్క గుంత కూడా వదలడు."

"మాట్లాడకు బాబాయ్. ఊపిరి దాచుకో."

"ఒక్క మాట," అన్నాడు అతను. "మా డ్రైవర్ల వంతు వచ్చేసరికి మందు అయిపోయిందన్నారు కదా. రాగానే పిలుస్తామన్నారు. పిలుపు... ఇంకా రాలేదమ్మా."

నిష్ఠూరంగా కూడా అనలేదు. రావలసిన బస్సు గురించి అడిగినట్టు అడిగాడు. ఆ రోజు డ్రైవర్లందర్నీ వరండాలో నిలబెట్టి, "స్టాకు అయిపోయింది, మళ్లీ చెప్తాం" అని వెనక్కి పంపింది సిస్టరమ్మే. సూపరింటెండెంటు గారు అలా చెప్పమన్నారు. ఆమె అలాగే చెప్పింది. రెండో విడత వచ్చేసరికి బయటి జనానికి హాలు తెరిచారు, టీవీలొచ్చాయి, ఆ హడావిడిలో డ్రైవర్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆమెకీ గుర్తులేదు.

అతని మాస్కు సరిచేసి, దుప్పటి కప్పి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె తిన్నగా మరిది ఇంటికి వెళ్లింది.

"బయటి వస్తువుల్ని చూసి హడలిపోకండి, శుభ్రంగా చేతులు కడుక్కుంటే చాలు" అని రోజూ సాయంత్రం టీవీలో ఊరికి ధైర్యం చెప్పే డాక్టరు గారి ఇంటి గేటు దగ్గర పెద్ద సబ్బునీళ్ల బకెట్టు ఉంది. పాల ప్యాకెట్లు, కూరగాయల సంచులు, ఆఖరికి పేపరు కూడా ఎండలో వరసగా ఆరేసి ఉన్నాయి. వాచ్‌మన్ పిచికారీ సీసాతో ఆమెని చెప్పుల నుంచి జుట్టుదాకా తడిపి, "అయ్యగారి ఆర్డరమ్మా," అని మొహం చిన్నబుచ్చుకుని పక్కకి తప్పుకున్నాడు.

చెల్లెలు తలుపు తీసింది. అక్కని చూసి ముందుకు ఒక అడుగు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. "అక్కా, బాగా చిక్కిపోయావే," అంది దూరంగా నిలబడి.

డాక్టరు హాల్లో సోఫా మీద కూర్చుని, సౌండు తీసేసి, టీవీలో తన నిన్నటి కార్యక్రమాన్ని తనే చూసుకుంటున్నాడు. ఆ కార్యక్రమానికి ఊళ్లో మంచి పేరు. ప్రతి సాయంత్రం ఆసుపత్రి మీటింగు హాల్లోంచే లైవు. చివర్లో కెమెరా వైపు వేలు చూపించి "భయం వద్దు, నేనున్నాను" అంటాడు. ఆ మాట పిల్లలు వీధుల్లో అనుకరిస్తారు, ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటారు. జనం ఆయనకి ధైర్యం డాక్టరు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు తనకి సరిపోయిందని ఆయన కూడా నమ్ముతున్నాడు.

"రండి వదినా, నేనే కబురు చేద్దామనుకుంటున్నాను. దీనికో దారి దొరికింది," అన్నాడు హుషారుగా. "సాయంత్రం లైవులో మీరు నా పక్కన కూర్చోండి. 'ముందు అసలు సూదే వేశాను, కెమెరాలో సరిగ్గా పడలేదంటే ఖాళీదానితో మళ్లీ చేసి చూపించాను' అనండి. అంతే! గొడవ సాయంత్రానికల్లా చల్లారిపోతుంది."

సిస్టరమ్మ ఆలోచించింది. ఆ అబద్ధం పనిచేస్తుంది. శుభ్రంగా పనిచేస్తుంది. రేపు పొద్దున్నే కుర్చీలు నిండుతాయి. అత్తగారు ముందు వరసలో కూర్చుంటుంది. అంత తేలిగ్గా పనిచేస్తుందన్నదే ఆమెకి ఒళ్లు మండించింది.

"అంతకంటే తేలికైన దారి ఉంది," అంది. "అబద్ధం మీద ఇంకో అబద్ధం దేనికి? మీ ఒంట్లో బాగా తగ్గిందని మొన్న మీరే అన్నారు. సాయంత్రం లైవులో అసలుది వేస్తాను. బుడ్డిలోంచి సిరంజిలోకి ఎక్కించేది కూడా అందరికీ చూపిస్తాను. 'మొన్నటిది తప్పే, ఇదిగో ఇప్పుడు వేయించుకుంటున్నాను' అనండి. ఎవరు కాదంటారు?"

"అలా కుదరదు వదినా."

"ఎందుకు కుదరదు?"

"అంటే... పూర్తిగా తగ్గలేదు. రిస్కు కదా."

"పక్కన నేనుంటాను. కింద ఐసీయూ ఉంది. మీ ఆసుపత్రి మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా?"

డాక్టరు రిమోటు అటూ ఇటూ తిప్పాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న చెల్లెలు ఇక ఉండబట్టలేక ముందుకొచ్చింది.

"వద్దక్కా! రెండూ అయిపోయాక మళ్లీ ఎక్కిస్తే ఆయనకేమైనా అవుతుందేమో!"

అన్నాక తన మాట తనకే వినబడి, చేత్తో నోరు మూసుకుంది. టీవీలో డాక్టరు గారు శబ్దం లేకుండా వేలు చూపిస్తున్నారు.

"రెండూ అంటే?" అంది సిస్టరమ్మ. "ఏమే, రెండూ అంటే ఏమిటే?"

చెల్లెలు మొగుడి వైపు చూసింది. అతను పెళ్లాం వైపు ఎలా చూశాడంటే, ఆ చూపు చాలు, ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"ఒంటికి పడదన్నది అబద్ధమా?"

"వదినా, కూర్చోండి. నెమ్మదిగా చెప్తాను. మొదటి పెట్టె వచ్చినప్పుడు..."

"ఎవరి వంతువి?"

"ఏవి?"

"నువ్వు వేయించుకున్నవి ఎవరి వంతువి అని అడుగుతున్నాను."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ముగ్గురికీ తెలిసింది. డాక్టరు మొహం ఎర్రబడింది. "బుడ్డి మీద ఎవరి పేరూ రాసి ఉండదు. అయినా నేను పడిపోతే ఈ ఆసుపత్రి గతేంటి? నా ప్రాణం నా ఒక్కడిదీ కాదు."

"సరే. నీకు రెండు. డ్రైవర్లదాకా రాకుండానే పెట్టెలో సగం మాయమైంది. మిగతావి?"

"ఇంట్లోవాళ్లకి. అమ్మా నాన్నా పెద్దవాళ్లు కదా. ఇంకా ఇద్దరు ముగ్గురు కావలసినవాళ్లు. రేపు ఆసుపత్రికి ఏదైనా కావాలంటే అడగాల్సింది వాళ్లనే. ఇవన్నీ మీకు అర్థం కావు వదినా."

ఇంట్లోవాళ్లకి అన్నప్పుడు చెల్లెలు తల దించుకుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది. అక్క ఆ క్షణంలో దాన్ని సిగ్గనుకుంది.

"అర్థమవుతోంది," అంది సిస్టరమ్మ. "డ్రైవర్లకి మందు అయిపోయిందని నాతో చెప్పించావు. వాళ్లు నా మాట విని నోరెత్తకుండా వెళ్లి మళ్లీ రోగుల్ని మోశారు. సైరన్ బాబాయి ఈ పొద్దున మన వార్డులో చేరాడు. తెలుసా?"

"తెలుసు. చూస్తున్నాం. మంచి ట్రీట్‌మెంటే ఇప్పిస్తున్నాను."

"టీవీలో ఏమన్నావు? 'మా ఆసుపత్రిలో ఆఖరి ఆయాకి వేశాకే నా చెయ్యి చాపుతాను' అన్నావు. మా అత్తగారు ఆ మాటకి ఏడ్చింది. అప్పటికే నీ జబ్బ మీద సూదిపోటు మానిపోయింది."

"జనానికి అలాంటి మాటలే కావాలి!" డాక్టరు లేచి నిలబడ్డాడు. "మీరు వార్డు దాటి బయట ప్రపంచాన్ని చూడలేదు. జనానికి నిజం దేనికి? వాళ్లకి చూసుకోడానికి ఒక బొమ్మ కావాలి. నేను రోజూ ఆ బొమ్మనై కూర్చుంటున్నాను. దానికి నాకు మిగిలిందేమిటి? ఈ గొడవ! ఎవడో ఒక పనికిమాలినవాడు సిరంజి వైపు చూశాడు, అంతే, గొర్రెల మంద అటు తిరిగిపోయింది. అలాంటివాళ్ల కోసం నేను నా పరువు తీసుకోవాలా?"

సిస్టరమ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, టీవీ కోసం రంగేసిన మీసం. చెల్లెలి పెళ్లి చూపుల నాడు, "నెమ్మదస్తుడు, మంచివాడు, నాకు తెలుసు" అని అందరికీ పూచీపడి చెప్పింది తనే. అది తలచుకుంటే అతని మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

"భయమేసింది నీకు. అందులో తప్పులేదు. నాకూ రోజూ వేస్తుంది. గ్లవ్స్ తొడుక్కుంటుంటే వేళ్లు వణుకుతాయి. 'నాకు భయమేసి ముందే వేయించుకున్నాను' అని ఉంటే ఊరు నాలుగు తిట్టి ఊరుకునేది. పైగా డాక్టరే ఎగబడ్డాడంటే మందు మంచిదే అయ్యుంటుందని అందరూ పరిగెత్తుకొచ్చేవారు. నువ్వు మాత్రం దొంగతనం చేసి, దాని మీద త్యాగం అని బోర్డు కట్టావు. ఇప్పుడు నీ బోర్డు నిలవాలని ఊరు ఊరంతా సూది లేకుండా పోవాలి."

"వదినా, మాటలు జాగ్రత్త."

"సాయంత్రం లైవులో నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఖాళీ సూది పట్టుకున్నది నేనే కాబట్టి నా తప్పు కూడా చెప్పుకుంటాను. నా ఉద్యోగం పోతే పోనీ."

డాక్టరు సోఫాలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులు తీసేసరికి అది వేరే మొహం.

"సరే వదినా. మీరన్నదే నిజం. ఇంకెన్నాళ్లు మోయగలను ఇది? నేనే చెప్తాను. నా నోటితో నేనే చెప్తాను. మీరు పక్కన కూర్చుంటే చాలు, నాకు ధైర్యంగా ఉంటుంది."

గొంతు కూడా వణికింది. ఇలాంటి గొంతు రోజూ సాయంత్రం ఊరంతటినీ నమ్మిస్తుంది. ఇంతసేపూ అన్ని మాటలన్న సిస్టరమ్మ, ఆ వణుకు వినగానే మళ్లీ నమ్మింది. గేటు దాటుతూ వెనక్కి చూస్తే చెల్లెలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏదో చెప్పబోయినట్టు చెయ్యి కొంచెం ఎత్తి, మళ్లీ దించేసింది.

సాయంత్రం ఆసుపత్రి మీటింగు హాల్లో లైట్లు వెలిగాయి. రోజూ కార్యక్రమం నడిపే యాంకరమ్మ మొహానికి పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ తెర కట్టుకుని, దాని వెనక లిప్‌స్టిక్ సరిచూసుకుంటోంది. మొన్నటి సూదిని "చరిత్రలో నిలిచిపోయే దృశ్యం" అని పొగిడింది ఈవిడే. ఈవేళ "ప్రజల్లో ఎన్నో సందేహాలు" అని అంతే ఉత్సాహంగా మొదలుపెట్టింది. ఉత్సాహం ఉంటే చాలు, దేని మీదన్నది ఆవిడకి పట్టదు.

డాక్టరు కెమెరా వైపు తిరిగాడు. కాసేపు తల దించుకున్నాడు. ఎత్తేసరికి కళ్లల్లో నీళ్లున్నాయి.

"ఆ సిరంజి ఖాళీదే," అన్నాడు.

సిస్టరమ్మకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

"ఆ సంగతి నాకూ మీతోపాటే, ఆ వీడియో చూశాకే తెలిసింది. సూది వేస్తున్నది సొంత వదిన. చూడాల్సిన అవసరం ఏముంది అనుకున్నాను. కళ్లు మూసుకుని చెయ్యి చాపాను. నాకు రావలసిన మందు ఎటు పోయిందో, మా డ్రైవర్ల వంతుకి మందు ఎందుకు లేకుండా పోయిందో విచారణ చేయిస్తున్నాను. మొదటి పెట్టె ఎవరి చేతుల్లో ఉండేదో మీకు తెలియంది కాదు. నేను ఎవరినీ నిందించను. రక్తసంబంధం లాంటిది, నోరు రాదు. కానీ మీకన్నా నాకు ఎవరూ ఎక్కువ కాదు. అందుకే..."

అతను చెయ్యి ఊపాడు. చిన్న నర్సు ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది. ట్రేలో బుడ్డి, నింపి పెట్టిన సిరంజి.

"అందుకే ఇప్పుడు, మీ అందరి కళ్లముందు, అసలు మందు వేయించుకుంటున్నాను. దగ్గరగా చూపించండి. భయం వద్దు, నేనున్నాను."

చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. మధ్యాహ్నం సిస్టరమ్మ చెప్పిన ఉపాయమే, ఆమె మీద దొంగ ముద్ర వేయడానికి పనికొచ్చింది. ఒకటి ఎక్కువైనా ప్రాణం మీదికి రాదని అతనికి తెలుసు. పెళ్లాం భయపడింది, అతను భయపడలేదు.

సిస్టరమ్మకి లేచి అరవాలనిపించింది. అంతలో ఇంకో ఆలోచన ఆమె నోరు నొక్కేసింది. ఇప్పుడు తను నోరెత్తకపోతే రేపు హాలు నిండిపోతుంది. జనానికి బొమ్మ దొరికింది. తిట్టుకోడానికి ఒక దొంగ కూడా దొరికింది. ఇంతకంటే వాళ్లకేం కావాలి? నోరెత్తితే మళ్లీ అంతా కలగాపులగం. దొంగ అనిపించుకుని ఊరుకుంటే పది ప్రాణాలు నిలుస్తాయేమో.

సూది అతని జబ్బకి ఆనబోతోంది. సిరంజిలో మందు లైటు వెలుతురులో మెరిసింది. అది కూడా ఎవరిదో వంతు.

ఆమె లేచి చిన్న నర్సు మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఈ మందు ఈయనది కాదు. మన ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇంకా పడలేదు. పరిగెత్తుకెళ్లి అతనికి వేసేయ్, పాడుచేయకు."

చిన్న నర్సు డాక్టరు వైపు చూసింది, సిస్టరమ్మ వైపు చూసింది. ట్రే పట్టుకుని ఒక్క పరుగున బయటికి పోయింది. కెమెరా అటు తిరగాలో ఇటు తిరగాలో తెలియక గోడని చూపించి వచ్చింది.

"ఆ రోజు సిరంజి ఖాళీ అని నాకు తెలుసు," అంది సిస్టరమ్మ కెమెరా వైపు సూటిగా చూస్తూ. "తెలిసే పట్టుకున్నాను. మిమ్మల్ని మోసం చేశాను. దానికి మీరు నన్నేం చేసినా పడతాను. కానీ మందు మంచిది. ఎంత మంచిదంటే, మా సూపరింటెండెంటు గారు వంతు రాకముందే దొంగతనంగా వేయించుకున్నంత మంచిది. ఒకటి కాదు, రెండూను. ఆయన ఇంట్లోవాళ్లందరికీ వేయించారు. ముందే వేయించుకున్నానని చెప్పుకోడానికి మొహం లేక, నా చేత ఖాళీ సూది వేయించుకున్నారు. రేపు పొద్దున్న హాలు తెరుస్తాం. బుడ్డిలోంచి సిరంజి నింపేది మీ ఎదురుగానే. నిండుగా ఉందో లేదో చూసుకుని చెయ్యివ్వండి. అయ్యాక ఖాళీ అయిందో లేదో చూసుకుని లేవండి. నన్ను నమ్మొద్దు. ఈయన్నీ నమ్మొద్దు. మీ కళ్లతో చూసుకోండి."

హాలంతా నిశ్శబ్దం. డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఆ నిశ్శబ్దం ఎక్కువసేపు ఉంటే తనకే ముప్పని అతనికి బాగా తెలుసు. జాలిగా నవ్వాడు.

"పాపం, ఒత్తిడి. నర్సులందరూ విపరీతమైన ఒత్తిడిలో ఉన్నారు. వదినా, ఇంత పెద్ద మాట అన్నారు. సాక్ష్యం ఏదీ? ఎవరు చూశారు?"

అప్పుడే ప్రేక్షకుల ఫోను మోగింది. యాంకరమ్మ బతుకు జీవుడా అన్నట్టు బటన్ నొక్కింది. "చెప్పండి, మీ సందేహం ఏమిటి?"

"నేను డాక్టరుగారి భార్యని మాట్లాడుతున్నాను."

చెల్లెలి గొంతు! సిస్టరమ్మ ఉలిక్కిపడి మరిది వైపు చూసింది. అతను ఉలిక్కిపడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మడిచిన చొక్కా చెయ్యి నింపాదిగా కిందికి దించుకుంటున్నాడు. ఎదురుచూస్తున్న మనిషి వచ్చినట్టుంది అతని మొహం. ఏం చెప్పాలో మధ్యాహ్నమే నేర్పించి ఉంటాడు. సిస్టరమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"చెప్పండి మేడమ్, అందరం వింటున్నాం," అంది యాంకరమ్మ తియ్యగా.

"మా అక్క ఇప్పుడు చెప్పిందాంట్లో ఒకటి అబద్ధం ఉంది."

డాక్టరు తల ఊపాడు. 'చూశారా' అన్నట్టు కెమెరా వైపు చెయ్యి చాపాడు.

"ఇంట్లోవాళ్లందరికీ వేయించారంది. అక్క అలా అనుకుంటోంది, దానికి తెలీదు. ఆయనకి వేశారు, అత్తయ్యకి మామయ్యకి వేశారు. నాకు వేయలేదు. నా వంతుది ఇంకొకరికి వెళ్లింది. ఎవరికో నాకు పోయిన నెలలోనే తెలిసింది. నా నోటితో చెప్పించకండి. ఆ మైకు పట్టుకున్నావిడని అడగండి. చెప్తుంది."

కెమెరా యాంకరమ్మ వైపు తిరిగింది. ప్లాస్టిక్ తెర వెనక ఆ చిరునవ్వు ఇంకా అలాగే అతుక్కుని ఉంది. ఆవిడ చెయ్యి మాత్రం, తనకి తెలియకుండానే, జాకెట్టు చేతిని కిందికి లాక్కుంటోంది.